చుట్టాలొస్తున్నారని సున్నాలేసే పెద్దలకు

హైదరాబాద్‌కు అంతర్జాతీయ ప్రదర్శనలూ సదస్సులూ పోటీలూ పట్టుకొచ్చే అధికారులకు, ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టే మంత్రులకు,

నమస్కారం.

మా వీధి చివర మిర్చి బజ్జీల బండి ఒకటుంది. ఆ బండాయన పేపర్ చదవడు, టీవీ చూసే తీరిక ఉండదు. అయినా నగరానికి ఎవరో పెద్దవాళ్లు రాబోతున్నారని మా అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. రాత్రికి రాత్రి డివైడర్లకు రంగులు పడతాయి. ఏడాదిగా నోరు తెరుచుకున్న గుంత మీద తారు పడుతుంది. నాలా కనపడకుండా రేకులు కట్టి, వాటి మీద నవ్వుతున్న బొమ్మలతో ఫ్లెక్సీలు వేలాడదీస్తారు. మర్నాడు పొద్దున ఒకతను బైకు మీద వచ్చి, ఇంజన్ ఆపకుండానే, "నాలుగు రోజులు బండి పెట్టకు" అని చెప్పి వెళ్లిపోతాడు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే బండాయన అడుగుతాడు: "ఈసారి ఎవరొస్తున్రు సార్?"

ఆయన గొంతులో కోపమేమీ ఉండదు. వానాకాలం ఎప్పుడొస్తుందని అడిగినట్టే ఉంటుంది. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ముందుగా ఒక మాట చెప్పుకుంటాను. నేను మేళాలకు వ్యతిరేకిని కాను. పదివేలమంది ఒకచోట చేరి, కొత్త వస్తువులు చూసి, బేరాలాడి, తిని, అలసి ఇంటికి వెళ్లడమంటే నాకు చాలా ఇష్టం. బేగంపేటలో విమానాల ప్రదర్శన జరిగిన రోజుల్లో పని మానేసి డాబా ఎక్కిన బాపతు నేను. టికెట్ లేదు, పాస్ లేదు, చుట్టుపక్కల డాబాలన్నీ నిండిపోయాయి, పిల్లలు పొగ గీతలు లెక్కపెడుతున్నారు. నిర్వాహకుల లెక్కల్లో మేము సందర్శకులం కాము. కానీ ఆ పిల్లల్ని అడగండి, హైదరాబాద్ ఎలాంటి ఊరని. ఆకాశంలో విమానాలు గిరికీలు కొట్టే ఊరని చెబుతారు.

నగరానికి పేరు తేవాలనే కదా మీరు ఇంత శ్రమ పడుతున్నారు. "బ్రాండ్ హైదరాబాద్" అనే మాట ప్రతి ప్రెస్ మీట్‌లోనూ వినిపిస్తుంది. ఆ పేరు ఎలా వస్తుంది, ఎవరి దగ్గర వస్తుంది అన్న విషయంలోనే మీకూ నాకూ తేడా ఉందనిపిస్తోంది. దానికి మన నాంపల్లి నుంచే మొదలుపెడతాను.

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్న కొందరు యువకులు హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బుల్లేవు. ఒక ప్రదర్శన పెడితే నాలుగు రూపాయలు వస్తాయి, సర్వే ఖర్చు గడుస్తుందని ఆలోచన. పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులు, వంద దాకా స్టాళ్లు. చేతిలో ఉన్నది రెండున్నర రూపాయలని ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి పెట్టుకున్న పేరు "నుమాయిష్ మస్నువాత్-ఎ-ముల్కీ", అంటే మన నేల మీద తయారైన సరుకుల ప్రదర్శన. ఎనిమిదేళ్లకు చోటు చాలక 1946లో నాంపల్లి మైదానానికి మారింది. దేశ విభజన, ఆ తర్వాత పోలీసు చర్య గందరగోళంలో కొంతకాలం ఆగి, 1949లో అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా మళ్లీ మొదలైంది. అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి వచ్చి ప్రారంభించారు.

ఇప్పుడది జనవరి 1 నుంచి నెలన్నర. కాశ్మీరు నుంచి శాలువాలు, డ్రై ఫ్రూట్స్, లక్నో నుంచి చికన్ కుర్తాలు, ఊరూరి పచ్చళ్లు, జైళ్లలో ఖైదీలు చేసిన బల్లలూ దుప్పట్లూ, ప్రభుత్వ శాఖల స్టాళ్లు, పిల్లల రైలు, జెయింట్ వీల్, బావిలాంటి గోడల మీద బైకులు తిప్పే మౌత్ కా కువా. మా అమ్మ ఏటా ఒకే కాశ్మీరీ దుకాణంలో అక్రోట్లు కొనేది. ఆ దుకాణదారు మా చెల్లెలి పెళ్లయిందా అని ఏటా అడిగేవాడు. ఒక ఏడాది అయిందని చెబితే గుప్పెడు బాదం కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. శ్రీనగర్‌లో ఆయన పొరుగువాళ్లకు హైదరాబాద్ గురించి ఏం చెప్పి ఉంటాడో మీరే ఊహించండి. దానికి ఏ ఏజెన్సీకీ బిల్లు కట్టలేదు.

ఈ నుమాయిష్‌లో నాకు నచ్చే సంగతి, డబ్బు ఎటు పోతుందన్నది. దాన్ని నడిపే ఎగ్జిబిషన్ సొసైటీ ఆ ఆదాయంతో కాలేజీలు నడుపుతోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయ, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ లాంటివి ఆ మైదానంలోనే ఉన్నాయి. జనవరిలో మనం జెయింట్ వీల్ ఎక్కితే జూన్‌లో ఒక అమ్మాయికి క్లాసు నడుస్తుందన్నమాట. 2019 జనవరి 30 రాత్రి మంటలంటుకుని వందల స్టాళ్లు కాలిపోయాయి. ప్రాణాలు పోలేదు. రెండు మూడు రోజులకే మిగిలిన స్టాళ్లతో గేట్లు తెరిచారు. సర్వస్వం పోగొట్టుకున్న వ్యాపారులకు అది గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు, మంటలకు కారణమైన లోపాలను కప్పిపుచ్చాలని నాకూ లేదు. కానీ గేట్లు తెరిచిన రోజున నగరం అక్కడికి వెళ్లింది. ఎవరూ పిలవలేదు.

ఇది పాతకాలపు మాట, ప్రపంచ స్థాయి వేరు అంటారేమో. సరే, ప్రపంచ స్థాయి ఎక్కడ మొదలైందో అక్కడికే వెళదాం.

1851లో లండన్ హైడ్ పార్కులో గాజు భవనం కట్టి ప్రపంచ దేశాల సరుకులు పెట్టారు. అందులో మనదీ ఒకటి ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని మనం చెప్పుకునే కోహినూరు. (ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల అడుగున ఉంది, అది వేరే ఉత్తరం.) పంజరం లాంటి పెట్టెలో పెట్టి చూపిస్తే జనం పెదవి విరిచారు. మెరవడం లేదన్నారు. చుట్టూ గ్యాసు దీపాలు పెట్టినా లాభం లేకపోయింది. అందుకని మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సాన పట్టించారు. 186 క్యారెట్ల రాయి 105.6కు వచ్చింది. చూసేవాళ్ల కళ్లకు మెరవడం కోసం దాదాపు సగం రాయిని అరగదీశారు. మన రోడ్ల పక్కన బండ్లను తీసేస్తున్నప్పుడల్లా నాకు ఈ రాయి గుర్తొస్తుంది.

అయితే అదే లండన్ మరో పని కూడా చేసింది. మొదటి రోజుల్లో టికెట్ ధర ఒక పౌండు, ఆ తర్వాత అయిదు షిల్లింగులు. మే చివర్లో వారంలో నాలుగు రోజులు ఒక్క షిల్లింగుకే, అంటే పౌండులో ఇరవయ్యో వంతుకే, లోపలికి రానిచ్చారు. కూలీలు, పనిమనుషులు, పల్లెటూరి వాళ్లు వచ్చి పడతారు, గాజు పగలగొడతారు, అల్లర్లవుతాయని పెద్దలు వణికిపోయారు. పోలీసుల్ని పెంచారు. ఏమీ కాలేదు. జనం వరసలో వచ్చి, యంత్రాలు చూసి, తెచ్చుకున్న రొట్టెలు తిని వెళ్లారు. అయిదున్నర నెలల్లో 60 లక్షల సందర్శనలు. ఖర్చులు పోను మిగిలింది లక్షా 86 వేల పౌండ్లు (186 అంకె రెండు చోట్లా రావడం యాదృచ్ఛికమే, కానీ నాకు మరపు రావడం లేదు). ఆ డబ్బుతో సౌత్ కెన్సింగ్టన్‌లో భూమి కొన్నారు. ఇవాళ మన పిల్లలు చదువుకోవడానికి లండన్ వెళ్లి ఆదివారం ఉచితంగా తిరిగొచ్చే మ్యూజియంలు ఆ భూమి మీద ఉన్నవే. గాజు భవనం ఎప్పుడో కాలిపోయింది. మ్యూజియంలు ఉన్నాయి, లండన్‌కు పేరూ ఉంది.

బహిరంగ లేఖ రాసేవాళ్లు తప్పు కూడా చేస్తారు, అదీ చెప్పాలి. 1889 ప్రదర్శన కోసం పారిస్‌లో ఇనప స్తంభం లేస్తుంటే, 1887 ఫిబ్రవరిలో ఆ నగరపు రచయితలూ చిత్రకారులూ కలిసి పత్రికలో బహిరంగ లేఖ వేశారు, ఈ దరిద్రపు కట్టడం మా ఊరి అందాన్ని చెడగొడుతుందని. ఇరవయ్యేళ్లకని అనుమతిచ్చిన ఈఫిల్ టవర్ రేడియో ప్రసారాలకు పనికొచ్చిందని నిలబెట్టారు. ఇప్పుడు అది లేని పారిస్‌ను ఎవరూ ఊహించలేరు. కాబట్టి నా మాటే వేదం అనడం లేదు. మీరు కట్టేది ఏదైనా రేపు నాకూ నచ్చవచ్చు. కానీ ముందు ఏదో ఒకటి నిలిచేది కట్టాలి కదా.

అతిథులకు కనబడేదాని మీద దృష్టి పెట్టిన నగరాలూ ఉన్నాయి. 2010లో షాంఘై తన ఎక్స్‌పోకు (ప్రపంచ ప్రదర్శనకు) ముందు సొంత జనం బట్టల మీద పడింది. అక్కడ పాత పేటల్లో పైజామా నైట్ డ్రెస్‌తోనే బజారుకు వెళ్లడం మామూలు. మన దగ్గర నైటీ మీద చున్నీ వేసుకుని పాల ప్యాకెట్టుకు వెళ్లినట్టు. "పైజామాలు గడప దాటొద్దు, ఎక్స్‌పోకు మర్యాదస్తుల్లా ఉండండి" అని ప్రచారం చేశారు. ప్రదర్శన స్థలం కోసం 18 వేల కుటుంబాలను కదిలించారు. 7 కోట్ల 30 లక్షల మంది వచ్చారు, రికార్డు. అది పెద్ద విజయమే, ఒప్పుకుంటాను. కానీ షాంఘై మాట వస్తే నాకు గుర్తుండిపోయింది ఆ పైజామాలే. ఇక జర్మనీలో హనోవర్ తన 2000 ఎక్స్‌పోకు 4 కోట్ల మంది వస్తారని లెక్కేసుకుంటే 1 కోటి 80 లక్షల మందే వచ్చారు. లెక్కలన్నీ ముందే గొప్పగా ఉంటాయి.

ఇప్పుడు మన ఊరు.

2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడు రోడ్ల మీద బిచ్చగాళ్లు మాయమయ్యారు. 2017 నవంబరు చివర్లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ఆ పనికి చట్టబద్ధంగా ఉత్తర్వే వచ్చింది. నవంబరు 8 నుంచి రెండు నెలలు నగరంలో అడుక్కోవడం నిషేధం. పట్టుకున్నవాళ్లను జైలు ఆవరణల్లో ఉన్న ఆశ్రమాలకు తరలించారు. వాళ్లలో అక్కడ తిండీ మందులూ దొరికి బాగుపడినవాళ్లు ఉండవచ్చు. అలా బాగుచేయడమే ఉద్దేశమైతే ఎప్పుడైనా చేయవచ్చు, అమెరికా నుంచి ఎవరూ రానక్కరలేదు. విదేశీ పత్రికలు ఆ సదస్సు గురించి రాసిన వార్తల్లో మన రంగుల గోడలకంటే ఈ నిషేధానికే ఎక్కువ చోటు దక్కింది. దాచాలనుకున్నదే నగరానికి బొమ్మైపోయింది.

అదే సదస్సు మొదలైన రోజు, నవంబరు 28న, మెట్రో రైలు మియాపూర్‌లో ప్రారంభమైంది. ఏళ్లుగా తెగకుండా సాగిన పని చుట్టాలొచ్చే రోజుకు ముడిపడి తెమిలింది. ఆ పుణ్యం ఎవరిదైనా, మాకు మెట్రో మిగిలింది. సదస్సులో ఏం మాట్లాడుకున్నారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు, మెట్రో రోజూ ఎక్కుతాను. స్పెయిన్‌లో సెవిల్ నగరానికి కూడా 1992 ఎక్స్‌పోతో పాటు మాడ్రిడ్ నుంచి ఆ దేశపు మొదటి హైస్పీడ్ రైలు వచ్చింది. ముప్పై ఏళ్లు దాటినా జనం అందులో తిరుగుతున్నారు. అలాంటివి చూసినప్పుడు రోడ్లు మూసేసినా పర్లేదనిపిస్తుంది.

2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య (బయోడైవర్సిటీ) సదస్సు జరిగింది. దాని ముందు రోజుల్లోనే, సెప్టెంబరు 30న, నెక్లెస్ రోడ్డు మీద తెలంగాణ మార్చ్. అనుమతి ఇవ్వాలా వద్దా అని తర్జనభర్జన పడ్డప్పుడు విదేశీ అతిథులు వస్తున్నారన్న మాట కూడా ఒక కారణంగా వినిపించింది. సొంత జనం రోడ్డు మీదికి వస్తే ఊరి పరువు పోతుందన్న భయం అప్పటి ప్రభుత్వానికీ ఉంది, ఇప్పటి ప్రభుత్వాలకూ ఉంది, రేపటివాళ్లకూ ఉంటుంది కాబోలు. ఆ సదస్సు గుర్తుగా గచ్చిబౌలి దగ్గర ఒక పార్కు పెట్టారు. ఇవాళ "బయోడైవర్సిటీ" అంటే హైదరాబాదీకి చెట్టూ పిట్టా గుర్తురావు. సాయంత్రం ఆరున్నరకు అరగంట కదలని జంక్షన్ గుర్తొస్తుంది. క్యాబ్ డ్రైవర్ ఫోన్‌లో "బయోడైవర్సిటీల ఇరుక్కున్న" అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

2023 ఫిబ్రవరి 11న హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల పోటీ. 2.8 కిలోమీటర్ల ట్రాక్ కోసం నగరం నడిబొడ్డున రోజుల తరబడి దారులు మూసేశారు. మరుసటి ఏడాది జరగాల్సిన పోటీ రద్దయింది. తర్వాత కేసులు వచ్చాయి, వాటి సంగతి కోర్టులు చూసుకుంటాయి. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు. రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్లు మన ఆడవాళ్లు కడిగి తుడుస్తున్న వీడియో మీరూ చూసే ఉంటారు. అతిథి కాళ్లు కడగడం మన ఆచారమే కదా అన్నారు కొందరు. ఆచారమే. ఇంటికొచ్చిన చుట్టానికి మనం చెంబుతో నీళ్లిస్తాం, కాళ్లు చుట్టమే కడుక్కుంటుంది. కూతురి పెళ్లిలో అల్లుడి కాళ్లు కడిగినా, అది ఆ తండ్రి సొంతంగా చేసే పని. కెమెరాల ముందు డ్యూటీగా చేయించేది వేరు. 2021లో యునెస్కో గుర్తింపు తెచ్చుకున్న గుడి అది. ఆ శిల్పాలు చూపిస్తే చాలదా?

అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో అని మా నాయనమ్మ అనేది.

ఇన్ని చెప్పాను కాబట్టి మంచిదీ చెప్పాలి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియంతో పాటు క్రీడాకారులు ఉండడానికి ఒక ఎత్తైన భవనం కట్టారు. ఆటలైపోయాక అది చాలా కాలం దాదాపు ఖాళీగా ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు కొద్ది వారాల్లోనే దాన్ని ఆసుపత్రిగా మార్చారు. అదే టిమ్స్, అంటే తెలంగాణ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్. ఆటలకని కట్టినప్పుడు ఎవరూ ఊహించని అవసరం అది. ఫ్లెక్సీలకూ పూలకుండీలకూ పెట్టిన డబ్బు అలా ఎప్పటికీ పనికిరాదు. గోడా కప్పూ నీళ్ల పైపూ ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు ఎవరినో ఆదుకుంటుంది.

హైటెక్స్ ప్రదర్శన కేంద్రం కూడా మంచిదే. 2003 నుంచి ఉంది, ఎన్నో ప్రదర్శనలు చూసింది. కానీ మెట్రోలో హైటెక్స్‌కు ఎప్పుడైనా వెళ్లి చూశారా? మెట్రో దిగాక ఆటో బేరం, ఆ బేరం తెగాక ఫ్లైఓవర్ల మధ్య నడక. నాంపల్లి మైదానానికి మెట్రో గాంధీభవన్ స్టేషన్ పక్కనే ఉంది, నుమాయిష్ రోజుల్లో రైళ్లు రాత్రి ఇంకాసేపు నడుపుతారు. జనం వస్తారని తెలిసినచోట అన్నీ అమరుతాయి. జనం రానక్కరలేదనుకున్నచోట కాన్వాయ్‌కి దారి ఉంటుంది, ఫుట్‌పాత్ ఉండదు.

కాబట్టి అడిగేదేమిటంటే, వచ్చేసారి ఏ ప్రపంచ మేళాకైనా సంతకం పెట్టేముందు, అతిథులు విమానమెక్కాక ఊరికి ఏం మిగులుతుందో ఒక పేజీ తెలుగులో, ఉర్దూలో రాసి ప్రకటించండి. రైలా, ఆసుపత్రా, పార్కా, కాలేజీ ఫీజులా, ఏదైనా సరే. ఏమీ మిగలదు, సరదాకే అంటే అదీ రాయండి, సరదా తప్పేమీ కాదు. ఏడాది తర్వాత ఖర్చెంత, రాబడెంత అన్నది ఇంకో పేజీ. కనీసం ఒక రోజు, లండన్ షిల్లింగు రోజులాగా, బస్తీ పిల్లలూ ప్రభుత్వ బడుల పిల్లలూ లోపలికి వెళ్లి చూసేలా పెట్టండి. బయోడైవర్సిటీ సదస్సు హాల్లోకి బస్తీ పిల్లలెందుకని మాత్రం అనకండి, చెరువు గట్టు మీద పుట్టినవాళ్లకు కొంగల పేర్లు మనకంటే ఎక్కువే తెలుసు.

ఇంకొకటి, బండ్ల సంగతి. విదేశీ అతిథి హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్లి ఇంట్లో చెప్పేది ఫైవ్ స్టార్ హోటల్లో తిన్న పాస్తా గురించి కాదు. అది వాళ్ల ఊళ్లోనూ ఉంటుంది. ఇరానీ చాయ్, మిర్చి బజ్జీ, చార్మినార్ గాజులు, "కైకు సాబ్" అన్న ఆటోవాలా, వీటి గురించి చెబుతారు. వాళ్లు ఎక్కడెక్కడినుంచో వెతుక్కుంటూ వచ్చిన వాటినే మనం నాలుగు రోజులు దాచిపెడుతున్నాం. బండ్లను తీసేయకుండా, వాటికి మంచినీళ్ల పంపు, చెత్తబుట్ట, ఒక నంబరు ఇచ్చి సదస్సు గేటు దగ్గరే వరసగా పెట్టి చూడండి. ఆ ఖర్చు రేకులకూ ఫ్లెక్సీలకూ అయ్యేదానికంటే తక్కువే ఉంటుందని నా అనుమానం. బండాయనకు నాలుగు రోజుల బేరం పోతే ఆ నెల చిట్టీ కట్టలేడు, చిట్టీ కట్టలేకపోతే వడ్డీకి తెస్తాడు. నగరానికి వచ్చే పేరులో ఆ వడ్డీని కూడా ఎక్కడో ఒక చోట రాయాలి కదా.

మీరంతా చదువుకున్నవాళ్లు, పది దేశాలు తిరిగినవాళ్లు, చాలా ఎక్స్‌పోలు చూసి ఉంటారు. నాంపల్లి నుమాయిష్‌కు ప్రారంభోత్సవం రోజున తప్ప, కాన్వాయ్ లేకుండా, మామూలుగా ఎప్పుడైనా వెళ్లారా? ఈ జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం రండి. గాంధీభవన్ మెట్రో దిగి నడిచి రావచ్చు. నేను గేటు దగ్గర ఉంటాను, టికెట్ నేనే తీస్తాను. మిర్చి బండాయనను కూడా రమ్మన్నాను, ఆ రోజు ఆయనే సెలవు పెట్టుకుంటానన్నాడు. ఈసారి ఎవరొస్తున్నారో ఆయనకు మీరే చెబుదురుగాని.

ఇట్లు,
హైదరాబాద్ నివాసి ఒకరు